ఒవెన్ అక్కర్లేని ఆరోగ్యకరమైన చిరుతిళ్లు: ముద్ద కట్టేంత వరకే తీపి

సాయంత్రం నాలుగు దాటేసరికి బడి నుంచి వచ్చిన పిల్లలకూ, ఆఫీసులో ఉన్న పెద్దలకూ ఆకలి వేస్తుంది. హైదరాబాద్‌లో ఆ ఆకలికి ఇరానీ చాయ్ పక్కన ఉస్మానియా బిస్కెట్టో, సందు చివర బండి మీద మిర్చి బజ్జీయో వెంటనే దొరుకుతుంది. ఎప్పుడో ఒకసారి తింటే ఇబ్బంది లేదు గానీ, రోజూ అవే అయితే మైదా, చక్కెర, మళ్లీ మళ్లీ మరిగిన నూనె ఒంట్లోకి చేరుతూనే ఉంటాయి. ఇంట్లోనే ఏదైనా చేసి డబ్బాలో పెట్టుకుందామని అనుకున్నవారిలో చాలామంది, వంటకం మొదటి వరుసలోనే ఒవెన్ పేరు చూసి ఆగిపోతారు. నిజానికి మన చిరుతిళ్లకు ఒవెన్‌తో పని లేదు. తొలి ఏకాదశి నాడు తినే పేలాల పిండి, సద్దుల బతుకమ్మ నాడు ఒకరికొకరు పంచుకొనే పల్లిపొడి, నువ్వులపొడి, సత్తుపిండి, రొట్టెలు నలిపి చేసే మలీద ముద్దలు, ఇవన్నీ మూకుడు, రోలు, చేతులతోనే తయారయ్యేవి. వేయించడం, దంచడం, ముద్ద కట్టడం అనే మూడు పనులు చేతనైతే చాలు. రోలు బదులు మిక్సీ ఉన్నా సరిపోతుంది.

ఈ మూడు పనుల్లో చివరిదాని దగ్గరే జాగ్రత్త ఎక్కువ అవసరం. పొడి ముద్దగా నిలవడానికి రెండు కారణాలు ఉంటాయి. గింజల్లోంచి ఊరే నూనె ఒకటి, బెల్లం లేదా ఖర్జూరంలోని జిగురు రెండోది. గింజలను సరిగా వేయించి, సరిగా దంచి, నూనెతో ఎక్కువ పని చేయించుకుంటే తీపి తక్కువ సరిపోతుంది. అందుకే తీపి ఎంత వేయాలన్నది నాలుకతో కాకుండా పిడికిలితో తేల్చుకోవాలని నా అభిప్రాయం. గుప్పెడు పొడిని తీసుకొని గట్టిగా నొక్కితే, వేళ్లు తెరిచాక కూడా అది విడిపోకుండా ఉండాలి. అక్కడితో తీపి చాలు. ఇంకో చెంచా వేస్తే ఇంకా బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ ఆ చెంచాలు కూడబెట్టుకుంటూ పోతే ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన తిండి మిఠాయిగా మారిపోతుంది.

బెల్లం గురించి ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. చక్కెర మానేసి బెల్లమో, తేనో వాడితే ఎంత తిన్నా పరవాలేదన్న నమ్మకం మనలో చాలా బలంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆహారంలో విడిగా కలిపే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతానికి మించకూడదు, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిది. రోజుకు 2000 కిలో కేలరీలు తీసుకొనే వ్యక్తికి ఇది 50 గ్రాములు, 25 గ్రాములు అవుతుంది. ఈ లెక్కలోకి బెల్లం, తేనె రెండూ వస్తాయి. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉంటాయన్నది నిజమే, కానీ ఒక ముద్దలో పడే నాలుగు గ్రాముల బెల్లం నుంచి వచ్చే ఇనుము లెక్కలోకి రానంత తక్కువ. పండుగా తిన్న ఖర్జూరం ఈ కోవలోకి రాదు, అందులో పీచు కూడా ఉంటుంది. అయినా దాని బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే కాబట్టి, దాన్ని కూడా కొలిచే వాడాలి.

పల్లీ పట్టీని చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. పట్టీలో పల్లీలు పప్పు బద్దలుగానే ఉంటాయి, ఒకదానికొకటి అంచుల దగ్గరే తగులుతాయి. మధ్యలో మిగిలిన ఖాళీలన్నీ పాకంతో నిండితేనే పట్టీ నిలుస్తుంది, అందుకే పల్లీలకు ఇంచుమించు సమానంగా బెల్లం పోయవలసి వస్తుంది. అవే పల్లీలను దంచితే, 200 గ్రాములకు 60 నుంచి 70 గ్రాముల బెల్లంతోనే ముద్ద కడుతుంది. పాకం పట్టే పని, తీగపాకమా ఉండపాకమా అన్న ఆందోళన రెండూ తప్పుతాయి.

సరుకు ఎంచుకోవడం

డ్రై ఫ్రూట్స్, నువ్వులు, ఎండుకొబ్బరి కిలోల లెక్కన కొనేవారికి బేగంబజార్, సికింద్రాబాద్ వైపు ఉన్నవారికి మోండా మార్కెట్ అనుకూలం. రంజాన్ నెలలో నగరంలో ఖర్జూరాలు రకరకాలుగా వస్తాయి, కొనుక్కోవడానికి అది మంచి సమయం. ముద్దలకు మెత్తని ఖర్జూరాలే కావాలి. ఎండు ఖర్జూరం గట్టిగా ఉండి పొడి అవుతుందే తప్ప జిగురు ఇవ్వదు; దాన్ని నానబెట్టి వాడితే నీరు చేరి ముద్ద త్వరగా పాడవుతుంది. మరీ నిగనిగలాడే ఖర్జూరాలు కనిపిస్తే ప్యాకెట్ మీద పదార్థాల జాబితా చదవడం మంచిది, కొన్నింటికి గ్లూకోజ్ సిరప్ పూస్తారు.

పల్లీల విషయంలో మాత్రం కాస్త ఎక్కువ సమయం కేటాయించండి. తేమలో నిల్వ ఉన్న పల్లీలకు ఒక రకం బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం తయారవుతుంది. అది దీర్ఘకాలంలో కాలేయానికి హాని చేస్తుంది, ఇంట్లో వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. అందువల్ల పల్లీలను పళ్లెంలో పోసి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయాలి. నమలగానే చేదుగా తగిలిన పలుకును మింగకుండా ఉమ్మేయాలి. సంచీ తెరవగానే ముక్కిన వాసన వస్తే అందులోంచి మంచివి ఏరుకోవాలన్న ఆశ కూడా వద్దు, సంచీ మొత్తం వదులుకోవడమే మేలు. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్‌లో పరిశోధన చేసే ప్రధాన పంటలు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ. అఫ్లాటాక్సిన్ సమస్య మీద కూడా అక్కడ ఎంతో కాలంగా పని జరుగుతోంది. మన చిరుతిళ్ల డబ్బాలోకి చేరే గింజల్లో ఎక్కువ భాగం ఆ జాబితాలోనివే కావడం హైదరాబాద్ వాసులుగా మనం గర్వించదగిన సంగతి.

వేయించడం

రుచి, నిల్వ, ముద్ద కట్టే గుణం మూడూ వేయించే తీరును బట్టే ఉంటాయి కాబట్టి ఈ పనిలో తొందర పనికిరాదు. అడుగు మందంగా ఉన్న మూకుడులో 250 గ్రాముల పల్లీలు పోసి, సన్నని మంట మీద, చేయి ఆపకుండా కలుపుతూ వేయించాలి. మొదటి మూడు నాలుగు నిమిషాల్లో పచ్చి గింజ వాసనతో పాటు తేమ పోతుంది. తరువాత ఒకటీ రెండూ చిటపటమనడం మొదలై, పొట్టు మీద చిన్న చిన్న పగుళ్లు కనిపిస్తాయి. పది పన్నెండు నిమిషాల దగ్గర ఒక పలుకును తీసి, చల్లారనిచ్చి, రెండు బద్దలుగా విరిచి లోపలి భాగం చూడాలి. తెల్లగా ఉంటే ఇంకా వేగాలి, లేత గోధుమ రంగుకు వస్తే వెంటనే దించేయాలి. మంట ఆపినా మూకుడు వేడి ఆగదు, అందులోనే వదిలేసిన పల్లీలు మాడిపోతాయి. కాబట్టి వెంటనే వెడల్పాటి పళ్లెంలోకో, చేటలోకో మార్చాలి. మంట పెద్దది చేస్తే పొట్టు నల్లబడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అలాంటి పల్లీలు దంచినప్పుడు నూనె సరిగా ఊరదు, చేసిన ముద్ద రెండో రోజుకే మెత్తబడి నీరసంగా తయారవుతుంది.

చల్లారాక అరచేతుల మధ్య నలిపితే పొట్టు ఊడివస్తుంది. చేట ఉన్నవారు చెరిగేయవచ్చు, లేనివారు పెద్ద రంధ్రాల జల్లెడలో వేసి బాల్కనీలో ఊదితే సరిపోతుంది. పొట్టుతోనే దంచినా తప్పేమీ లేదు, పీచు దక్కుతుంది గానీ కాస్త వగరు తగులుతుంది.

నువ్వులు మూడు నాలుగు నిమిషాల్లోనే వేగుతాయి. చిటపటలాడుతూ మూకుడు దాటి ఎగురుతాయి కాబట్టి మూత కొంచెం వారగా పెట్టి, మధ్యమధ్యలో కలపాలి. నువ్వులు, పల్లీలు కలిపి ఒకేసారి వేయించకూడదు. పల్లీలు వేగేలోగా నువ్వులు మాడి చేదెక్కుతాయి. పుట్నాలు ముందే వేగి వచ్చినవి కాబట్టి, ఒక నిమిషం వెచ్చబెట్టి తేమ పోగొడితే చాలు.

పల్లీ నువ్వుల ముద్దలు

అన్నింటికీ మూలంగా నేర్చుకోదగినది ఇదే. వేయించి పొట్టు తీసిన పల్లీలు 150 గ్రాములు, వేయించిన నువ్వులు 50 గ్రాములు, గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు 150 గ్రాములు, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు తీసుకోవాలి. పల్లీలు గోరువెచ్చగా ఉన్నప్పుడు మిక్సీలో వేస్తే నూనె తేలికగా ఊరుతుంది. పొగలు కక్కే వేడిలో వేయకూడదు, జార్ లోపల ఆవిరి పట్టి ఆ తడి పొడిలోనే ఉండిపోతుంది. మిక్సీని ఒకే బిగిన తిప్పకుండా, రెండు సెకన్లు తిప్పి ఆపుతూ, అంచులకు అతుక్కున్న పొడిని చెంచాతో కిందకు తోస్తూ ఉండాలి. రవ్వలా అయ్యాక నువ్వులు వేసి మళ్లీ రెండు మూడు సార్లు తిప్పాలి. వేలితో నొక్కితే అచ్చు పడేంత జిడ్డు వచ్చినప్పుడు తీసి పక్కన పెట్టుకోవాలి.

తరువాత ఖర్జూరాలను చిన్న ముక్కలుగా తరిగి అదే జార్‌లో ముద్ద చేయాలి. దాదాపు 120 గ్రాముల ఖర్జూరపు ముద్దను పొడిలో కలిపి, చేత్తో బాగా మర్దించి, పిడికిలితో నొక్కి చూడాలి. నిలిస్తే మిగిలిన 30 గ్రాములు వేయనక్కరలేదు. నిలవకపోతే వెంటనే ఖర్జూరం వైపు చేయి చాపకండి; పొడిలో సగం తీసి ఇంకో రెండు సార్లు మిక్సీ తిప్పి చూడండి. చాలాసార్లు ఆ నూనెతోనే పని జరిగిపోతుంది. ఎట్టి పరిస్థితిలోనూ నీళ్లు చల్లకూడదు.

నిమ్మకాయకన్నా చిన్నగా, 15 గ్రాముల ముద్దలు కడితే ఇరవై పైగా వస్తాయి. ఒక్కో ముద్దలో సుమారు 70 కిలో కేలరీల శక్తి, 2 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. ముద్ద పరిమాణం చిన్నగా ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. పెద్ద లడ్డూ చేస్తే తినే మనిషి ఒకటే అనుకొని తింటాడు, కానీ కడుపులోకి వెళ్లేది మూడింటి లెక్క అవుతుంది. రెండు చిన్న ముద్దలు, పక్కన గ్లాసు మజ్జిగ, సాయంత్రానికి సరిపోతాయి.

ఖర్జూరం ఇష్టపడనివారు 200 గ్రాముల పల్లీలకు 65 గ్రాముల తురిమిన బెల్లం వేసి, రెండూ కలిపి తిప్పితే అంతే బాగా ముద్ద కడుతుంది. బెల్లం గట్టి అచ్చు అయితే ముందుగా సన్నగా తురమాలి, గడ్డలు మిగిలితే ఒక ముద్ద తియ్యగా, ఇంకొకటి చప్పగా వస్తుంది. బెల్లంలో ఇసుక, నలకలు ఉన్నాయేమో చూసుకోవాలి; పాకం పట్టేటప్పుడు వడకట్టే అవకాశం ఉంటుంది, ఈ పద్ధతిలో అది ఉండదు. కాబట్టి శుభ్రమైన బెల్లం కోసం కాస్త ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు.

రాగి ముద్దలు

రాగి పిండిలో నూనె చాలా తక్కువ. అది ఒక్కటే అయితే ముద్ద కట్టడానికి నెయ్యి, బెల్లం రెండూ విపరీతంగా పోయాలి. బజారులో దొరికే రాగి లడ్డూలు అంత తియ్యగా, అంత జిడ్డుగా ఉండడానికి ఇదే కారణం. పల్లీల పొడి కలిపితే ఆ బరువు తగ్గుతుంది. రాగి పిండి 200 గ్రాములు, పల్లీల పొడి 100 గ్రాములు, బెల్లం తురుము 90 గ్రాములు, నెయ్యి 50 గ్రాములు సరిపోతాయి.

పిండిని రెండు చెంచాల నెయ్యితో, సన్నని మంట మీద 12 నుంచి 15 నిమిషాలు వేయించాలి. పచ్చి పిండిలో హానికరమైన సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంటుంది, మిల్లులో పట్టించడం వల్ల అవి చావవు. అందుకని ఏ ధాన్యపు పిండినైనా వేయించకుండా ముద్దల్లో వాడకూడదు. వేగిన పిండి కలుపుతుంటే గరిటెకు బరువు తగ్గినట్లు తెలుస్తుంది, మట్టి వాసన పోయి కమ్మని వాసన వస్తుంది. చిటికెడు నోట్లో వేసుకుంటే అంగిట్లో అతుక్కోకూడదు. దించాక వేడి తగ్గనిచ్చి, పల్లీల పొడి, బెల్లం, యాలకుల పొడి కలిపి, మిగిలిన నెయ్యిని కరిగించి కొంచెం కొంచెంగా పోస్తూ, గోరువెచ్చగా ఉండగానే ముద్దలు కట్టాలి. చల్లారితే కట్టడం కష్టం.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో ఇది చాలా ఎక్కువ. అయితే 20 గ్రాముల ముద్ద ఒక్కదానిలో రాగి పిండి తొమ్మిది గ్రాములే ఉంటుంది కాబట్టి, దాని నుంచి వచ్చేది 30 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. పాలు, పెరుగు మానేసి దీని మీద ఆధారపడే ఆలోచన వద్దు. నువ్వుల్లో కాల్షియం ఇంకా ఎక్కువే, కానీ పొట్టులోని ఆక్సలేట్ల వల్ల అందులో కొంత భాగం ఒంటికి పట్టదు.

పేలాల పిండి, మలీద

జొన్న పేలాలు తొలి ఏకాదశి దగ్గర పడుతున్నప్పుడు మార్కెట్లలో విరివిగా కనిపిస్తాయి. 100 గ్రాముల పేలాలను మూకుడులో రెండు నిమిషాలు వెచ్చబెట్టి, చల్లార్చి, మెత్తగా పొడి చేసి, 50 గ్రాముల బెల్లం, రెండు యాలకులతో మళ్లీ ఒకసారి తిప్పితే పేలాల పిండి సిద్ధమవుతుంది. ఇందులో ముద్ద కట్టే పని లేదు కాబట్టి బెల్లం ఇంకా తగ్గించినా నష్టం లేదు. పొడిగా నోట్లో పోసుకొని మాట్లాడితే పొలమారుతుంది. చిన్న పిల్లలకు, వృద్ధులకు కొద్దిగా పాలు కలిపి ముద్దగా చేసి వెంటనే తినిపించాలి.

మలీద మరీ తేలిక. రాత్రి మిగిలిన రెండు మూడు సజ్జ రొట్టెలను గానీ, చపాతీలను గానీ పెనం మీద మరోసారి కాల్చి, చల్లారాక తునకలు చేసి మిక్సీలో రవ్వలా తిప్పాలి. 30 గ్రాముల బెల్లం, ఒక చెంచా నెయ్యి, గుప్పెడు పుట్నాల పొడి కలిపి ముద్దలు చేయాలి. రొట్టెలో నీటి శాతం ఉంటుంది కాబట్టి ఇవి ఏ పూటకు ఆ పూట తినేయవలసినవే.

ఓట్స్‌తో పట్టీలు చేసుకోవాలనుకొనేవారు 150 గ్రాముల ఓట్స్‌ను ఐదు నిమిషాలు వేయించి, 100 గ్రాముల పల్లీల ముద్ద, 120 గ్రాముల ఖర్జూరపు ముద్దతో కలిపి, బటర్ పేపర్ పరిచిన పళ్లెంలో గిన్నె అడుగుతో గట్టిగా నొక్కి, ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి కోయాలి. నొక్కడంలో బద్ధకిస్తే ముక్కలు విరిగిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇవి బయట ఉంచితే మెత్తబడతాయి, ఆఫీసు బ్యాగులో తీసుకువెళ్లడానికి ముద్దలే మేలు.

కారం తినాలనిపించే రోజులకు

తీపి చిరుతిండి రోజూ అక్కర్లేదు, వారంలో సగం రోజులు కారంగా ఉండేవే పెట్టుకోవడం మంచిది. అటుకుల చుడువాను నూనెలో దేవకుండా వేయించి చేస్తే కరకరలాడడంలో ఏ లోపమూ ఉండదు. పల్చటి అటుకులు 200 గ్రాములు తీసుకొని, ముందుగా జల్లెడ పట్టి నూకలు తీసేయాలి, అవి మాడి మిగతావాటికి చేదు అంటిస్తాయి. వెడల్పాటి మూకుడులో సన్నని మంట మీద ఆరేడు నిమిషాలు వేయించాలి. గరిటెతో గట్టిగా తిప్పితే అటుకులు విరిగి పొడి అవుతాయి, మూకుడు చెవులు పట్టుకొని కుదుపుతూ వేయించడమే సరైన తీరు. రెండు వేళ్ల మధ్య నలిపితే పటుక్కున విరగాలి; వంగితే ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి.

అటుకులు తీసేసి, అదే మూకుడులో మూడు టీస్పూన్ల నూనె వేసి, ఆవాలు, జీలకర్ర, చితగ్గొట్టిన వెల్లుల్లి రెబ్బలు ఐదారు, సన్నగా తరిగిన మూడు పచ్చిమిర్చి, రెండు రెమ్మల కరివేపాకు వేసి వేయించాలి. కరివేపాకును కడిగాక గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనిచ్చే వాడాలి. పచ్చిమిర్చి ముక్కలు ముడుచుకొని గలగలలాడే వరకు వేగాలి, లోపల తడి మిగిలితే డబ్బాలోని చుడువా అంతా మర్నాటికే మెత్తబడుతుంది. వానాకాలంలో పచ్చిమిర్చి బదులు ఎండుమిర్చి వాడుకోవడం నయం. వేయించిన పల్లీలు, పుట్నాలు 60 గ్రాముల చొప్పున, 20 గ్రాముల ఎండుకొబ్బరి పలుకులు వేసి, మంట ఆపి, పసుపు, ఒక టీస్పూన్ ఉప్పు ఆ నూనెలోనే కలపాలి. అప్పుడు ఉప్పు డబ్బా అడుగుకు జారకుండా అన్నింటికీ సమానంగా పడుతుంది. చివరగా అటుకులు వేసి కుదపాలి. ఇలా చేస్తే గుప్పెడు చుడువాలో, అంటే 30 గ్రాములలో, ఉప్పు అర గ్రాముకన్నా తక్కువే ఉంటుంది. రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనకు ఇది ఇబ్బంది కలిగించదు.

నిల్వ అక్కర్లేదు, ఏ రోజుకు ఆ రోజే చేసుకుంటాం అనేవారికి గుడాలు అన్నింటికన్నా మంచి చిరుతిండి అని నేను గట్టిగా నమ్ముతాను. శనగలో, బొబ్బర్లో రాత్రి నానబెట్టి, ఉదయం కుక్కర్‌లో ఉడికించి, నీళ్లు వంచేసి ఉంచుకుంటే, సాయంత్రం పోపు పెట్టి, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలపడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఎండాకాలంలో ఉడికించిన గింజలను సాయంత్రం వరకు ఫ్రిజ్‌లోనే పెట్టాలి. నిమ్మరసంలోని విటమిన్ సి వల్ల పప్పుగింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, చాయ్ అందుకు అడ్డుపడుతుంది. కాబట్టి గుడాలు తిన్న గంట తరువాత చాయ్ తాగితే మంచిది. తీపి అసలే వద్దనుకొనే మధుమేహం ఉన్నవారికి కూడా ముద్దలకన్నా గుడాలు, పుట్నాలు అనువైనవి, పరిమాణం మాత్రం తమ డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

పెసర మొలకలను చాలామంది పచ్చిగానే తింటారు. మొలకెత్తడానికి కావలసిన వెచ్చదనం, తేమ రెండూ సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా పెరగడానికి కూడా సరిపోతాయి, పైపైన కడిగితే అవి పోవు. మన ఎండల్లో గుడ్డలో కట్టిన పెసలు పన్నెండు గంటల్లోనే మొలకెత్తుతాయి, ఇంకొంచెం ఆలస్యమైతే జిగురు, పులుపు వాసన వస్తాయి. మొలక కనిపించగానే ఇడ్లీ పాత్రలో ఐదు నిమిషాలు ఆవిరి పట్టి తినడం క్షేమం. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు పచ్చి మొలకలు తినకూడదు.

నిల్వ, పిల్లల విషయంలో జాగ్రత్తలు

ఏది చేసినా పూర్తిగా చల్లారక ముందు మూత పెట్టకూడదు. డబ్బా లోపల చేరిన ఆవిరి చుక్కలై కిందపడి, బూజుకు దారి తీస్తుంది. నీరు తగలని బెల్లం ముద్దలు గాలి చొరని స్టీలు డబ్బాలో చలికాలంలో రెండు వారాలు, ఖర్జూరపు ముద్దలు ఒక వారం బయట నిలుస్తాయి. ఎండలు ముదిరాక రెండింటినీ ఫ్రిజ్‌లోకి మార్చాలి, ఆ వేడికి పల్లీల నూనె పాతబడి వాసన మారుతుంది. అలా మారిన ముద్దలను పారేయడమే సరైనది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానల్లో చుడువా మెత్తబడితే, వేడి మూకుడులో రెండు నిమిషాలు కుదిపి ఆరబెడితే మళ్లీ కరకరలాడుతుంది. తడి చెంచా, తడి చేయి డబ్బాలోకి వెళ్లకుండా చూసుకోవాలి.

ఐదేళ్లలోపు పిల్లలకు పల్లీలు, శనగలు పలుకులుగా పెట్టకూడదు, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంటుంది; పొడి చేసి కట్టిన మెత్తని ముద్దలే ఇవ్వాలి, అవి కూడా కూర్చోబెట్టి తినిపించాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పనికిరాదు. పల్లీలు, నువ్వులు పడని పిల్లలు కొందరు ఉంటారు, టిఫిన్ డబ్బాలో పెట్టి బడికి పంపేముందు తోటి పిల్లలతో పంచుకోవచ్చో లేదో టీచరును అడిగి తెలుసుకోవాలి. పల్లీలు సరిపడని ఇంట్లో పుట్నాల పొడి 200 గ్రాములు, బెల్లం 80 గ్రాములు, కరిగించిన నెయ్యి 60 గ్రాములతో అదే పద్ధతిలో ముద్దలు కట్టుకోవచ్చు. పుట్నాల్లో నూనె తక్కువ కాబట్టి నెయ్యి కాస్త ఎక్కువ పడుతుంది. విడిపోయి పొడిగా మిగిలినదాన్ని మళ్లీ ముద్ద చేయడానికి తంటాలు పడనక్కరలేదు, మర్నాడు ఉదయం పిల్లల పాలలో రెండు చెంచాలు కలిపి ఇస్తే సరిపోతుంది.